రైలుకు అడ్డదారి ఉండదు

మా అచ్చంపేటకు రైలు లేదు. అందువల్ల మా ఊరి రైలు ఏ ఆదివారమూ రద్దు కాలేదు, ఏనాడూ ఆలస్యంగా రాలేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, దేవరకొండల మీదుగా మాచర్లకు లైను వేయాలని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాం. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ రైలు మా ఊరి మీదుగా ఒకసారి దూసుకుపోతుంది.

నేను ఆర్టీసీ మనిషిని. బస్టాండులో కంట్రోలర్ కుర్చీలో కూర్చుని రిటైరయ్యాను. దారి మూసుకుపోవడమంటే నాకు పెద్ద సంగతి కాదు. డిండి దగ్గర నీళ్లు రోడ్డెక్కాయని కబురొస్తే హైదరాబాద్ బండిని నాగర్‌కర్నూల్ మీదుగా తిప్పేవాళ్లం. ఆ నిర్ణయానికి పట్టేది ఒక చాయ్ తాగేంత సేపు. అందులోనూ నా పాత్ర తక్కువే. డ్రైవరు, కండక్టరు, ముందు సీట్లోని పెద్దమనిషి ముగ్గురూ కలిసి తేల్చేవాళ్లు. పెద్దమనిషికి నాగర్‌కర్నూల్‌లో వియ్యంకుడుంటే ఇంకా తొందరగా తేలేది.

ఇంతటి అనుభవం వెంటబెట్టుకుని అమెరికా పోయాను. మా బిడ్డ జెర్సీ సిటీలో ఉంటుంది. ఆదివారం న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ గణపతి గుడికి పోదామంది మా ఆవిడ. 1977లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది. దాని ముందున్న బౌన్ స్ట్రీట్‌కు 2022లో గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని కూడా పేరు పెట్టారు. గుడి కింది క్యాంటీన్‌లో దోశ బాగుంటుందని అల్లుడు చెప్పాడు. ఆ మాట విన్నాక నాకూ భక్తి కలిగింది.

దారి సులువే. మన్‌హటన్‌లో ఏడో నంబరు రైలు ఎక్కితే ఆఖరి స్టేషన్ ఫ్లషింగే. నిద్రపోయినా తప్పిపోయే భయం లేదు. కానీ శనివారం రాత్రి బిడ్డ ఫోన్ చూసి అంది:

"నాయినా, రేపు ఏడు నంబరు మన్‌హటన్‌ల నడువదట. క్వీన్స్‌బరో ప్లాజా అవుతల్నే నడుస్తదట."

"ఎందుకు? ధర్నానా?"

"కాదు, పట్టాల పని."

"మరి ఇంకో పట్టాల మీద తిప్పొచ్చు గద?" అన్నాను, కుర్చీలో ఉన్నప్పటి గొంతుతో.

ఆ ప్రశ్న అడగకుండా ఉంటే ఆ రాత్రి తొందరగా పడుకునేవాళ్లం. మా అల్లుడికి ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో, ప్రాణం రైళ్లలో. "మామయ్యా, మంచి ప్రశ్న అడిగిన్రు" అంటూ కంప్యూటర్ తెరిచాడు. ముందు చూపించింది అందరూ చూసే రంగుల మ్యాపు. మాసిమో విన్యెల్లి అనే ఇటలీ ఆయన 1972లో గీసిన మ్యాపు పద్ధతిలోనే ఇప్పటిదీ ఉందట. గీతలన్నీ తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. శని, ఆదివారాల మార్పులు చూపడానికే 2011లో ఆయన మ్యాపును మళ్లీ బయటకు తీసి ఇంటర్నెట్లో పెట్టారట. వారాంతపు తిప్పలకు ప్రత్యేకంగా ఒక మ్యాపు పెట్టుకున్నారంటేనే నాకు ఆ ఊరి మీద గౌరవం కలిగింది. తర్వాత అల్లుడు అసలు మ్యాపు తీశాడు. ఏ పట్టా ఎక్కడ ఏ పట్టాతో కలుస్తుందో చూపేది. అది చూశాక విన్యెల్లి ఎంత దయగలవాడో అర్థమైంది.

మొదటి సంగతి, పనికి ఆదివారమే ఎందుకు? చాలా ఊళ్ల మెట్రోలు రాత్రి పడుకుంటాయి. హైదరాబాద్ మెట్రో కూడా అంతే. న్యూయార్క్ సబ్‌వే 1904లో మొదలైంది. కొవిడ్ కాలంలో ఏడాది పాటు రాత్రి కొన్ని గంటలు మూసింది తప్ప, దానికి రాత్రి అనేదే లేదు. మా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9కి గేటు పడితే పొద్దున 6 దాకా శ్రీశైలం రోడ్డు పులులది. నల్లమల రోడ్డుకు దొరికే ఆ విశ్రాంతి కూడా అక్కడి 472 స్టేషన్లకు దొరకదు. పట్టా మార్చాలన్నా, సిగ్నల్ వైర్లు వేయాలన్నా పెద్ద పనులన్నీ ఎక్కువగా శని, ఆదివారాల మీదే పడతాయి. ఆఫీసులకు పోయేవాళ్లు ఆ రోజు ఇంట్లో ఉంటారు. దేవుడి దగ్గరికి పోయేవాళ్లు ఎటు తిప్పినా పోతారని నమ్మకం కాబోలు.

రెండోది నా ప్రశ్న. ఆ ఊళ్లో చాలా లైన్లకు నాలుగేసి పట్టాల వరసలున్నాయి. మధ్య రెండూ ఎక్స్‌ప్రెస్‌కు, పక్క రెండూ లోకల్‌కు. "ఇంకేం, ఒకటి మూస్తే మూడున్నయి" అన్నాను. అల్లుడు జాలిగా చూశాడు. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాం పక్క పట్టాలకే ఉంటుంది. మధ్య పట్టా మీద పోయే బండి ఆ స్టేషన్‌ను కళ్లారా చూస్తుంది గానీ జనాన్ని దించలేదు. పోనీ, స్టేషన్ రాగానే పక్కకు మారొచ్చు గదా? మారాలంటే అక్కడ పాయింట్లుండాలి. అవి ప్రతిచోటా ఉండవు. పాయింటంటే కదిలే ఇనుము. దానికి మోటారు కావాలి, సిగ్నల్ కావాలి, అరిగితే మార్చాలి. అందుకని వందేళ్ల కిందట కట్టినవాళ్లు అవసరమని తోచిన చోటే పెట్టి ఊరుకున్నారు. ఇప్పుడు రెండు స్టేషన్ల నడుమ వంద గజాల పట్టా మార్చాలన్నా, వెనకనున్న పాయింట్ల నుంచి ముందున్న పాయింట్ల దాకా ఉన్న చిన్న స్టేషన్లన్నీ ఆవైపు ఎండిపోవాల్సిందే. మైల పట్టింది ఒక ఇంటికి, పొయ్యి వెలగనిది వాడంతా.

ఏడో నంబరు లైనుకైతే పట్టాలు మూడే. నడిమి పట్టా ఎక్స్‌ప్రెస్‌ది. మన్‌హటన్ వైపు పోయే లోకల్ పట్టాకు పని పడితే రైళ్లను నడిమి పట్టా ఎక్కిస్తారు. అప్పుడు గోడల మీద నోటీసులు ఎట్లా ఉంటాయంటే, ఫ్లషింగ్ నుంచి 82వ వీధికి పోవాలనుకునేవాళ్లు ఆ స్టేషన్ దాటి 61వ వీధి వుడ్‌సైడ్ దాకా పోయి, అక్కడ ఎదురు రైలెక్కి వెనక్కి రావాలి. మా ఆవిడ అంతసేపూ చిక్కుడుకాయలు గిల్లుతూ వింటోంది. "పోవాల్సిన ఊరు దాటిపోయి మల్ల ఎనకకు వచ్చుడా? మా ఊర్ల ఎవరన్న గట్ల జేస్తే తాగిండంటరు" అంది.

మరి ఏడో నంబరును ఇంకో లైను సొరంగంలోంచి మన్‌హటన్ తీసుకుపోవచ్చు గదా అన్నాను. ఓటమి ఒప్పుకోవడం మా డిపార్ట్‌మెంట్‌లో లేదు. అప్పుడు అల్లుడు చరిత్రలోకి దిగాడు. ఆ ఊరి రైళ్లు మొదట మూడు సంస్థలవి. రెండు ప్రైవేటు కంపెనీలు. 1932 నుంచి నగరం తానే నడిపినది మూడోది. మొదటి కంపెనీ బోగీలు మిగతావాటి కంటే ఒక అడుగు పైగా సన్నం. 1940లో నగరం రెండు కంపెనీలనూ కొనేసి మూడింటినీ ఒకటి చేసింది. కాగితాలు కలిశాయి, సొరంగాలు కలవలేదు. నేటికీ అంకెల రైళ్లు సన్నవి, అక్షరాల రైళ్లు వెడల్పువి. వెడల్పు బండిని సన్న సొరంగంలోకి పంపితే ఒరుసుకుంటుంది. సన్న బండిని వెడల్పు లైనులో ఆపితే ప్లాట్‌ఫాంకూ తలుపుకూ మధ్య మనిషి కాలు దిగేంత సందు. ఏడు అంకె. పైగా మన్‌హటన్ చేరడానికి నది కింద దానికున్నది ఒకటే సొరంగం, రెండే పట్టాలు. దాన్ని 1892లో తవ్వడం మొదలుపెట్టించింది స్టైన్‌వే అనే పియానోల వ్యాపారి. ట్రాములు నడపాలనుకున్నాడు. పూర్తయ్యేసరికి ఆయన లేడు. సబ్‌వే రైళ్లు అందులోకి వచ్చింది 1915లో. మా ఆవిడ మొక్కు చెల్లాలంటే ఒక పియానోల ఆయన ఎక్కడ తవ్వించాడో తెలుసుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర ఈ ఆదివారపు తిప్పలు లేవా అంటే ఉన్నాయి. 2003లో మొదలైన హైదరాబాద్ ఎంఎంటీఎస్ చాలాచోట్ల దూరపు ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ పోయే పట్టాల మీదే నడుస్తుంది. ఆదివారం లైన్ బ్లాక్ ఉందంటే పేపర్లో రద్దయిన ఎంఎంటీఎస్ నంబర్లు లాటరీ ఫలితాల్లా బారుగా పడతాయి. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల రెండో లైను 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. అంతకుముందు ఒంటి పట్టా ఉన్న రోజుల్లో జడ్చర్ల ప్రయాణమంటే ఎదురు బండి కోసం ఏదో ఒక స్టేషన్‌లో పడి ఉండటమే. ‘క్రాసింగ్’ అన్న మాట వినపడగానే సగం బోగీ దిగి పల్లీలు కొనేది. రెండో పట్టాతో మనకు వేగం పెరిగింది గానీ, పల్లీలమ్మేవాళ్ల గిరాకీ గురించి ఏ నివేదికా రాలేదు.

ఆదివారం పొద్దున జెర్సీ సిటీ నుంచి పాత్ అనే రైల్లో మన్‌హటన్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ చేరాం. ‘ఈ’ రైలు మొదలయ్యేది అక్కడే కాబట్టి సీట్లు దొరికాయి. జాక్సన్ హైట్స్‌లో దిగి ఏడో నంబరు ఎక్కాలి. చెప్పినంత తేలిక కాదు. ‘ఈ’ భూమి కింద, ఏడు నడినెత్తిన. పాతాళం నుంచి ఆకాశానికి మెట్లూ ఎస్కలేటర్లూ మార్చి మార్చి ఎక్కుతుంటే మా ఆవిడ ఉమామహేశ్వరం కొండను తలుచుకుంది.

నడుమ ఒక మలుపులో తెలుగు దంపతులు కనిపించారు. చేతిలో కొబ్బరికాయల సంచి, ముఖాల్లో ఆదివారపు నోటీసు చదివిన దిగులు. "గుడికేనండీ, ఏడు రద్దంట కదా, వెనక్కి పోదామా అనుకుంటున్నాం" అన్నాడాయన. నాకు ఒళ్లు పులకరించింది. "రద్దు మన్‌హటన్ వైపే సార్, ఫ్లషింగ్ వైపు బండ్లు తిరుగుతున్నయి, పైకి నడవండి" అన్నాను. వెనక ఇంకెవరో తమిళాయన ఆగాడు, ఆయన వెనక ఒక గుజరాతీ కుటుంబం. బిడ్డ "నాయినా, మెల్లగ" అంటూనే ఉంది. నేను మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపుతూ "ఫ్లషింగ్, ఫ్లషింగ్, గణపతి గుడి, ఎక్కాలె, ఎక్కాలె" అని నాలుగు కేకలు వేశాను. చేతిలో విజిల్ లేదన్న ఒక్క బాధ తప్ప అంతా మా బస్టాండే.

గుంపంతా పైకి కదిలాక మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. "పించను వచ్చుడే సాలు, డ్యూటీ వొద్దు. నడువు, దోశలు అయిపోతయి."