బల్బుదేం పాపం!

పాత బండి హెడ్‌లైటు మీద సలహా ఇవ్వడానికి ఎవరికీ పాత బండి ఉండక్కర్లేదు. కార్బురేటర్ మాటెత్తితే చల్లగా జారుకునేవాళ్ళు కూడా లైటు అనేసరికి కుర్చీ ముందుకి లాక్కుంటారు. "బల్బు మార్చి పారెయ్యండి, అంతే!" మా బావమరిది ఎల్‌ఈడీ పార్టీ. ఆఫీసులో నా పక్క సీటాయన 100/90 వాట్ల బల్బు పార్టీ. పాలు పోసే అబ్బాయికి ఉన్నది సైకిలే, అయినా అతనిది ప్రొజెక్టర్ పార్టీ. బల్బు మార్చాలన్న దగ్గర మాత్రం అన్ని పార్టీలదీ ఒకటే మేనిఫెస్టో.

మాది నాన్నగారి చేతుల మీదుగా వచ్చిన బుల్లెట్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే రకం. ఇంగ్లండు కంపెనీతో మద్రాస్ మోటార్స్ చేతులు కలిపి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాక, ఎన్ని దశాబ్దాలు గడిచినా ఈ బండి ముఖం మారింది తక్కువ. మధ్యలో ఏడంగుళాల డూమ్, పైన రెండు చెంపలకీ చిట్టి పైలట్ లైట్లు, వెనక స్పీడోమీటరు, దాని దగ్గర్లో అమ్మీటరు. ఈ అమ్మీటరుకి అబద్ధం ఆడటం రాదు. బండి ఐడిల్లో ఉండగా హెడ్‌లైటు వేస్తే ముల్లు సిగ్గుపడకుండా మైనస్ వైపు వాలుతుంది. రేజ్ చేస్తే ప్లస్ వైపు లేస్తుంది. ఇప్పటి బళ్ళలో చాలావాటికి అది లేదు. బ్యాటరీ కష్టాలు తెలియకుండా యజమాని సుఖంగా బతుకుతాడు.

కంకిపాడు దాటి రాత్రిపూట గుడివాడ వైపు వెళ్ళినవాళ్ళకి హెడ్‌లైటు విలువ వేరే చెప్పక్కర్లేదు. కోతల రోజుల్లో సగం రోడ్డు వడ్ల రాసులది. వాటి మీద బరకాలు, బరకాలు ఎగరకుండా అంచుల మీద రాళ్ళు. పొద్దున్నే వడ్లు ఎత్తుకెళ్ళేవాళ్ళు రాళ్ళని వదిలేసి వెళతారు. గడ్డి ట్రాక్టరు ట్రక్కుకి వెనక ఎర్ర లైటు ఉండాలన్నది చట్టం, ఉండకపోవడం ఆనవాయితీ. ఇక గేదె సంగతి. నల్లటి రాత్రిలో, నల్లటి రోడ్డు మీద, నల్లటి గేదె నింపాదిగా నెమరేస్తూ నిలబడితే, మా బండి లైటులో ముందుగా కనిపించేది దాని అభిప్రాయం.

2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి, ఇంజను స్టార్టయితే చాలు, లైటు దానంతటదే వెలగాలని రూలొచ్చింది. మనవాళ్ళు మాత్రం పట్టపగలు లైటు కనబడగానే వేళ్ళు ముడిచి తెరుస్తూ "లైటు, లైటు" అని సైగ చేసే అలవాటు ఏళ్ళ తరబడి మానలేదు. ఆ సైగ నాకెవ్వరూ చెయ్యలేదు. ఒకసారి నేను కావాలనే లైటు వేసుకుని బెంజిసర్కిల్ మీదుగా వెళ్ళాను. ఒక్క చెయ్యి లేవలేదు.

మా కంటే అన్యాయమైన బళ్ళూ ఉన్నాయి. కొన్నింట్లో హెడ్‌లైటుకి బ్యాటరీతో సంబంధం లేదు, తిన్నగా ఇంజను కాయిల్ మీద నడుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే వెలుగు, వదిలితే గుడ్డిదీపం. దారి కనబడాలంటే స్పీడుగా వెళ్ళాలి, స్పీడుగా వెళ్ళాలంటే దారి కనబడాలి. మలుపులో స్లో చేశారా, దేవుడే దిక్కు.

పార్టీలన్నిటి వాదనా వినకుండా తోసిపుచ్చడం మర్యాద కాదు కాబట్టి విన్నాను. నూరు వాట్ల బల్బు 12 వోల్టుల మీద ఎనిమిది ఆంపియర్ల పైనే లాగుతుంది. అంత కరెంటు నాన్నగారి హయాం నాటి స్విచ్చులోంచి పోతే ముందు హోల్డర్ కరుగుతుంది, తరవాత వాసన వస్తుంది, ఆ తరవాత అమ్మీటరు ముల్లు మైనస్‌లోనే కాపురం పెడుతుంది. ఎల్‌ఈడీకి వెలుగు లోటు లేదు, కుదురే లోటు. పాత రిఫ్లెక్టర్ వంపంతా బల్బులో తీగ ఎక్కడ ఉంటుందో మిల్లీమీటర్ల లెక్కన చూసి తీర్చింది. తీగ ఉండాల్సిన చోట చిప్పుల పట్టీ పెడితే, ఆ వెలుగు రోడ్డు మీద తప్ప చెట్లమీద, కరెంటు తీగలమీద, ఎదుటి లారీ డ్రైవరు కళ్ళలో సమానంగా పడుతుంది. బావమరిది విదేశీ డూమ్ కూడా ఒకటి చూపించాడు, చాలా అందంగా ఉంది. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన అద్దం అది. డిమ్ములో వెలుగుని కుడి అంచుకి ఎత్తి చూపిస్తుంది. వాళ్ళకి అక్కడ రోడ్డు అంచు. మనకి అక్కడ ఎదురొచ్చే బస్సు.

ఆటోనగర్‌లో కరెంటు పని చేసే భాయ్ ఒక్కడే ఏ పార్టీలోనూ లేడు. డూమ్ ఊడదీసి, లైటు వేసి, మీటరు తీశాడు. బ్యాటరీ దగ్గర 12.4. బల్బు హోల్డర్ దగ్గర 11.1.

"బల్బుదేం పాపం, గురూగారూ! దానికి అందితే కదా!" అన్నాడు.

కృష్ణా డెల్టాలో పుట్టినవాణ్ణి, ఇంకా విడమర్చి చెప్పాలా? బ్యారేజీ దగ్గర నీళ్ళు బ్రహ్మాండంగా వదులుతారు, శివారు పొలానికి మాత్రం తడి తగలదు. మా బల్బు శివారు రైతు. వోల్టేజీ పది శాతం తగ్గితే తీగ బల్బు వెలుగు పది శాతం తగ్గి ఊరుకోదు, దాదాపు ముప్పై శాతం పోతుంది. ఆ పోయేదంతా ఎక్కడ పోతోందో భాయ్ ఒక్కొక్కటే చూపించాడు. స్విచ్చు పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. జాయింట్లలో పచ్చటి చిలుము. ఎర్త్ అయితే మరీ ఘోరం. ప్రత్యేకంగా వైరంటూ లేదు. కరెంటు హ్యాండిల్ కోన్‌సెట్‌లోని గ్రీజుని బతిమాలుకుంటూ ఛాసిస్‌లోకి వెళ్తోంది.

ఇంగ్లండులో పాత బళ్ళవాళ్ళు తమ లైట్ల కష్టాలకి కసిదీరా జోసెఫ్ లూకాస్‌కి "అంధకార ప్రభువు" అని బిరుదిచ్చి, ఆయన కంపెనీ మీద జోకులేసుకుంటారు. వాళ్ళలో ఎంతమంది ఎర్త్ గీకి చూసుకున్నారో అని నాకు అనుమానం.

భాయ్ డిమ్ముకొకటి, హైబీమ్‌కొకటి రిలేలు పెట్టాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావుపాటి వైరు 30 నంబరు పిన్నుకి, 87 నుంచి బల్బుకి. పాత స్విచ్చు ఇక 86కి కబురు పంపితే చాలు, బరువు మోసే పని లేదు. 85 ఎర్త్. డూమ్ దగ్గర్నుంచి బ్యాటరీ మైనస్ దాకా కొత్త ఎర్త్ వైరు లాగాడు. బల్బు మాత్రం అదే, ఆ పాత 35 వాట్లదే, గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఇప్పుడు ఆ వెలుగు చూసినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ బల్బు వేయించారు?" పక్క సీటాయనైతే నంబరు రాసుకోడానికి పెన్ను కూడా తీశాడు.

ఇంత చేసి గురి కుదర్చకపోతే వెలుగు ఆకాశానికే. చదునైన నేల మీద గోడకి 25 అడుగుల దూరంలో బండి నిలబెట్టి, హెడ్‌లైటు నడిమధ్య ఎత్తుకి గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, డిమ్ము ఆ గీతకి కాస్త కిందకి పడేటట్టు చూడాలి. మా వీధిలో అంత దూరంలో ఉన్నది ఎదురింటి పిన్నిగారి గోడ, పండక్కి సున్నం వేసినది. ఇంకో మెలిక, రోజూ మోసే బరువు బండి మీద ఉండాలి. వెనక మనిషి కూర్చుంటే వెనక స్ప్రింగులు దిగి, మూతి లేచి, గురి మారుతుంది. అంచేత మా ఆవిణ్ణి సీరియల్ మధ్యలోంచి పిలిచాను. బండి తీశానంటే బజారుకే అనుకుని చీర మార్చుకుని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని వచ్చి కూర్చుంది. నేను ముందు కూర్చుని, వంగి, స్క్రూ తిప్పుతూ "కదలకు" అంటున్నాను. బండి కదలడం లేదని ఆవిడకి అప్పటికే అర్థమైంది.

పిన్నిగారు వరండాలోకి వచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది. "ఏమే అమ్మాయ్, ఇంత రాత్రప్పుడు ఇద్దరూ ఎక్కడికీ?"

"దగ్గరికేనండీ పిన్నిగారూ, మీ గోడ దాకా!"