లెషన్ ఎక్కడ నాయనా?

ఎంబీబీఎస్ ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో లాంగ్ కేసుగా పక్షవాతం రోగి పడితే తోటివాళ్లు పరామర్శకొస్తారు. రోగిని కాదు, విద్యార్థిని. "న్యూరో పడిందట్రా, పాపం!"

ఈ భయానికి అమెరికన్ న్యూరాలజిస్టు రాల్ఫ్ జోజెఫోవిచ్ 1994లోనే న్యూరోఫోబియా అని పేరు పెట్టాడు. జబ్బుకు పేరుంది, మరి అంటిస్తున్నదెవరు? "సబ్జెక్టే అంత, అందరికీ రాదు" అంటారు మన పెద్ద సార్లు. రాకుండా ఎంత శ్రద్ధ తీసుకుంటున్నారో చూస్తే ముచ్చటేస్తుంది.

మొదటి ఏడాదిలో ఫార్మాలిన్ బకెట్లోంచి బూడిదరంగు మెదడు తీసి, కోసి, "ఇది ఇంటర్నల్ క్యాప్సూల్" అంటారు. కళ్లు మండుతుంటే పిల్లాడు తలూపుతాడు. అక్కడ దెబ్బ తగిలితే మనిషి కాలు ఎలా ఈడుస్తాడో చూపించగల రోగి పక్క బిల్డింగులోనే ఉంటాడు. 2019 నాటి కొత్త కరికులంలో మొదటి ఏడాది నుంచే రోగుల్ని చూపించాలని రాశారు కూడా. రాశారు, అంతే. ఈలోగా వెబర్, బెనెడిక్ట్, మిల్లార్డ్-గుబ్లర్, వాలెన్‌బర్గ్ సిండ్రోమ్‌లంటూ పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ పెద్దలందరి పేర్లూ తద్దినం మంత్రాల్లా వల్లించాలి.

పరీక్షనాడు బ్యాచ్ మొత్తానికీ ఒకటే సుత్తి. పొద్దున్నుంచి నలుగురు కొట్టిన మోకాలి మీద ఇతనూ కొడతాడు. కాలు కదల్లేదు. "రిఫ్లెక్స్ ఎలా ఉందయ్యా?" "ఎగ్జాజరేటెడ్ సార్." అలాగని పీజీ చెవిలో ఊదాడు మరి. "లెషన్ ఎక్కడ?" "లెఫ్ట్ ఇంటర్నల్ క్యాప్సూల్ సార్." ఏళ్ల తరబడి పరీక్షలకొస్తున్న రోగులైతే ఆ ముక్క వాళ్లే అందిస్తారు.

నిజానికి ఇంత తర్కమున్న సబ్జెక్టు వైద్యంలో అరుదు. బండి తాళంచెవితో అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచిందా, మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారిలో ఎక్కడో తేడా ఉన్నట్టే. స్కాన్ అక్కర్లేకుండానే ఆ సంగతి తెలిసిపోతుంది. దాన్ని కూడా "బాబిన్‌స్కీ, 1896" అని ఒక మార్కు బిట్టు చేసి పారేశాం.

రేపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డ్యూటీ డాక్టరు ఈ కుర్రాడే. మూతి వంకరపోయి, మాట ముద్దగా వస్తున్న మనిషిని తెచ్చి ఇతని ముందే పడుకోబెడతారు. రక్తపు గడ్డ వల్ల వచ్చిన స్ట్రోకైతే, దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉండే గడువు 4.5 గంటలు. అప్పుడు వెబర్ గారెవరో గుర్తుకు రాకపోయినా ఫరవాలేదు, అంబులెన్సు ఎటు పంపాలో తట్టాలి. సార్లూ, ఇంటర్నల్ క్యాప్సూల్ పాఠం చెప్పిన వారంలోనే పిల్లల్ని ఒక్క పూట వార్డుకు తీసుకెళ్లండి.