పాత ష్విన్‌కు పెడసరం సలహాలు

ఇల్లినాయ్‌లోనో ఒహాయోలోనో ఎవరి గ్యారేజ్ సేల్‌లోనో అమెరికా కంపెనీ ష్విన్ చేసిన పాత క్రూయిజర్ సైకిలు మీ కంట పడింది, కొన్నారు. లావు టైర్లు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు, ఒంటినిండా తుప్పు. ఇంటికి తేగానే తలా ఒక మాట చెబుతారు: గీకించు, కొత్త రంగు కొట్టించు, పాత సామాను పారేయి. నా సలహాలన్నీ వీటికి అడ్డం తిరిగేవే. పెడసరంగా తోచినా పాటించండి. ఫ్యాక్టరీలో పడిన రంగూ గీతలూ ఒకసారి పోతే మళ్ళీ రావు.

1. రంగు వేయించకండి.
సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక మైనం పాలిష్ పట్టించండి. మట్టి కింద అసలు రంగు ఎంత మిగిలి ఉందో అప్పుడే తెలుస్తుంది. క్రోము మీది తుప్పును అల్యూమినియం రేకు ఉండచుట్టి, నీళ్ళలో ముంచి రుద్దండి. మరీ తుప్పుపట్టిన విడి ఇనుప భాగాలను ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టవచ్చు. చేతికి తొడుగులు వేసుకోండి, గాలి ఆడేచోట పని చేయండి. రంగున్న భాగమైతే ముందు కనబడని మూల పరీక్షించి చూడండి.

2. టైరు మీద లెక్క సరిపోయిందని కొనకండి.
26×1.75 అన్నా 26×1¾ అన్నా లెక్కల పుస్తకంలో ఒకటే. సైకిలుకు మాత్రం రెండూ వేరు. మొదటిది 559 మిల్లీమీటర్ల రిమ్ముది. రెండోది ష్విన్ ఎస్-7 రిమ్ముది, అది 571. పన్నెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నప్పుడు ఎంత గుంజినా టైరు ఎక్కదు. 1933లో ష్విన్ తెచ్చిన లావు బెలూన్ టైరు ఎస్-7 దారి కాదు. దాని 26×2.125 సైజుకు ఎస్-2 రిమ్ము, 559 కొలత కావాలి. కాబట్టి రిమ్ము మీద చెక్కిన అక్షరాలు చదివాకే జేబులో చెయ్యి పెట్టండి.

మిగతా సామానుదీ ఇదే కథ. షికాగోలో చేసిన ష్విన్ హ్యాండిల్ కాడ 21.1 మిల్లీమీటర్లు, మామూలువి 22.2. క్రాంకుకు బిగించే గోళీల కోనుల మీద ష్విన్ మర అంగుళానికి 28 చుట్లు, ఇతర కంపెనీలది 24. ఒకే ముక్కగా వంచిన క్రాంకుకు అర అంగుళం పెడలు పట్టాలి. ఇప్పుడు ఎక్కువగా అమ్మేది 9/16.

3. ఇండియాలోని మన ఊరినుంచి సామాను తెప్పించకండి.
మన రోడ్‌స్టర్ చక్రం 28×1½, రిమ్ము 635 మిల్లీమీటర్లు. దాని క్రాంకు పిన్నుతో బిగించే రకం. రెండూ ఇక్కడ పనికిరావు. చైను మాత్రం కుదరవచ్చు. అదీ పళ్ళు ఎడంగా ఉన్న పాతకాలపు ఒక అంగుళం చైను కాకపోతేనే.

4. భాగం కొనకండి, సైకిలే కొనండి.
హబ్బు ఒకచోట, క్రాంకు ఒకచోట, మడ్‌గార్డు ఇంకోచోట కొంటే ఖర్చు తడిసిమోపెడవుతుంది. అదే కాలపు ఆడవాళ్ళ మోడల్ సాధారణంగా చవక, లోపలి సామాను చాలావరకు అదే. ఫ్రేము వంగినదో విరిగినదో చూసి ఎంచుకోండి. బాగున్నదాన్ని విప్పి చంపకండి. 1949లో మొదలైన బ్లాక్ ఫాంటమ్ మోడల్ మీదైతే కొంత సుఖం. 1995లో కంపెనీ నూరేళ్ళ పండుగకు దాన్ని మళ్ళీ చేసింది, ఆ నకలు భాగాలు దొరుకుతుంటాయి.

5. పాత బ్రేకు హబ్బును మార్చకండి.
బెండిక్స్, న్యూ డిపార్చర్, మారో హబ్బులు మొండి సరుకు. 1970లలో కాలిఫోర్నియాలోని టామల్‌పైస్ చుట్టుపక్కల కొండలమీద కుర్రాళ్ళు పాత ష్విన్ ఎక్సెల్సియర్లనే వేగంగా దించేవారు. దిగేసరికి హబ్బులో గ్రీజు కాలిపోయేది, మళ్ళీ నింపాల్సి వచ్చేది. 1976లో అక్కడ మొదలైన దిగుడు పందేనికి రీప్యాక్, అంటే మళ్ళీ నింపడం, అనే పేరు అందుకే వచ్చింది. మీరూ హబ్బు విప్పి, కడిగి, వేడికి ఆగే గ్రీజు పెట్టండి. ఒక్క జాగ్రత్త: చైను ఊడితే ఈ బ్రేకు ఉండదు. బ్రేకు చేతిని ఫ్రేముకు పట్టీతో బిగించకుండా రోడ్డెక్కకండి.

6. బలం వాడకండి.
ఎడమ పెడలుదీ, క్రాంకు ఎడమవైపు నట్టుదీ ఎదురు మర. తెలియక గట్టిగా తిప్పితే ఇంకా బిగుస్తాయి. తుప్పు సందుల్లోకి దిగే నూనె పోసి, రాత్రంతా వదిలేసి, పొద్దున పానా అందుకోండి.

7. పూర్తయ్యేదాకా ఆగకండి.
టైర్లు, బ్రేకు, చైను, గోళీలు సరిగా ఉంటే చాలు, తొక్కండి. ట్యాంకు, లైటు, క్యారియర్ ఎప్పుడైనా దొరుకుతాయి. తొక్కితేనే ఏది వదులుగా ఉందో, ఏది కొనడం అనవసరమో తెలుస్తుంది. మార్చిన పాత భాగం ఎంత చెడ్డదైనా పారేయకండి. ఏ సైకిలుదో, ఎటు పక్కదో చీటీ రాసి కట్టండి. మీరు వెతికిన 28 చుట్ల కోను కోసమే రేపు మరొకరు తిరుగుతారు. అది వాళ్ళకు దొరకాలంటే ఎవరో ఒకరు దాచి ఉండాలి.