అథ వారపు చిట్కా వ్యాఖ్య

మూలం:

"గౌరవ ఉపాధ్యాయ మిత్రులకు శుభోదయం. ఈ వారం బోధనా చిట్కా: ప్రతి పీరియడ్‌ను ఆనందదాయక కృత్యంతో ప్రారంభించి, విద్యార్థులలో ఆసక్తి రేకెత్తించి, డిజిటల్ వనరుల సహాయంతో పాఠం బోధించి, చివరి ఐదు నిమిషాలు ప్రతి విద్యార్థితో వ్యక్తిగతంగా మాట్లాడి, అభ్యసన ఫలితాలు సాధించబడినవని నిర్ధారించుకొని, సదరు ఫోటోలు శనివారం సాయంత్రం 4 గంటలలోపు గ్రూపులో అప్‌లోడ్ చేయవలెను. దీనిని అత్యంత ప్రాధాన్యతాంశంగా భావించవలెను. బోధన వృత్తి కాదు, తపస్సు."

అవతారిక:

ఇది ఒకానొక ఉన్నత పాఠశాల టీచర్ల గ్రూపులో ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక వెలసిన గద్యం. దీనికి ముందు 'ఈ వారం సమాచారం' అనే పూర్వభాగం ఒకటుంది. కోడిగుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫోటోలు, ఆధార్‌లో పేరు కలవని పిల్లల జాబితా, ఆన్‌లైన్‌లో ఎక్కించని ఎఫ్.ఏ. మార్కులు అందులో ఉంటాయి. అది కర్మకాండ. మనం జ్ఞానకాండకే వ్యాఖ్య రాస్తున్నాం. శుభోదయం మంగళాచరణం. రాత్రిపూట ఉదయమేమిటని ఆక్షేపించరాదు. పెందలాడే పడుకున్నవాడు తెల్లారి లేచి చూసుకుంటే సరిగ్గానే ఉంటుంది.

ప్రతిపదార్థం రాయడం లేదు. ఆ పని బజారు గైడ్లు చేసి పెడతాయి, పిల్లలకే కాదు, మాకూ.

కర్తృ నిర్ణయం: పంపినవారు మా హెడ్మాస్టరు గారు. అంతమాత్రాన ఆయనే కర్త అనుకోవడం తొందరపాటు. సందేశం నెత్తిన చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్టు ముద్ర ఉంది. ఆయనకు మండలం నుంచి వచ్చింది, మండలానికి జిల్లా నుంచి, జిల్లాకు ఎక్కడినుంచో. కర్త ఫలానా అని ఎవరికీ జ్ఞాపకం లేకపోవడాన్నే వేదం అపౌరుషేయం అనడానికి ఒక హేతువుగా చూపించారు మీమాంసకులు. ఆ లెక్కన చిట్కా కూడా అపౌరుషేయమే. దాన్ని విన్నవాళ్ళున్నారు, వినిపించినవాళ్ళున్నారు, రాసినవాడు మాత్రం లేడు.

అనుబంధ చతుష్టయం: విషయం బోధన. ప్రయోజనం ఫోటో. అధికారి, ఫోన్లో డేటా మిగిలి ఉన్నవాడు. ఈ మూడింటికీ సంబంధం ఏమిటన్నది ఇంకా తేలలేదు.

అన్వయం:

ఇక్కడ మల్లినాథ సూరిని తలుచుకోకుండా ముందుకు పోలేను. మనవాడు. మెదక్ జిల్లా కొల్చారమే ఆనాటి కొలిచెలమ, అదే ఆయన ఇంటిపేరు. రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘదూతానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘానికి సర్వంకష, నైషధానికి జీవాతువు రాసినవాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే ఈ టీక అనీ చెప్పుకుని, దానికి సంజీవని అని పేరు పెట్టాడు. ఆయన పెట్టుకున్న నియమాలు రెండు: ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను. రెండో నియమాన్ని గ్రూపు అడ్మిన్లందరికీ వర్తింపజేస్తూ ఒక ఉత్తర్వు వస్తే మా ఆదివారాలు మాకు మిగులుతాయి.

అన్వయముఖంగానే వివరిస్తాననీ ఆయన ముందే చెప్పుకున్నాడు. అన్వయానికి దారులు రెండు. పదాలన్నీ వచనక్రమంలో వరసగా పేర్చుకుంటూ పోతే దండాన్వయం. క్రియను ముందు పట్టుకుని, దాన్ని ప్రశ్నిస్తూ మిగతా పదాల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగితే ఖండాన్వయం. ప్రాచ్య కళాశాలలో మా గురువుగారు రెండోదే చేయించేవారు. సమాధానం చెప్పేదాకా కూర్చోనిచ్చేవారు కాదు. ఆ పద్ధతిని నేను తెలుగు వాక్యాలకే వాడుకుంటాను. "నిన్న సంతలో మా మామయ్య కొమ్ములు తిరిగిన గేదెను కొన్నాడు" అని బోర్డు మీద రాస్తాను. కొన్నాడు. ఎవరు కొన్నారు? మామయ్య. ఎవరి మామయ్య? మా మామయ్య. దేన్ని? గేదెను. ఎలాంటి గేదెను? కొమ్ములు తిరిగినదాన్ని. ఎక్కడ? సంతలో. ఎప్పుడు? నిన్న. విశేషణం ఎందుకుంటుందో, విభక్తి ఏం చేస్తుందో నిర్వచనం బట్టీ పట్టకుండానే తెలిసిపోతుంది. చివరి బెంచీ నుంచి ఎవడో ఒకడు "ఎంతకు కొన్నాడు సార్?" అంటాడు. ఆ జవాబు వాక్యంలో లేదు. వాక్యంలో లేనిదాన్ని అడిగాడంటే ఉన్నదంతా వాడికి ఎక్కిందన్నమాట. అక్కడితో పాఠం అయిపోయినట్టే. దీనికి సుద్దముక్క చాలు. ఇదే పద్ధతిని ఈమధ్య ఒక శిక్షణలో అన్వేషణాధారిత అభ్యసనమని పేరు పెట్టి మాకు కొత్తగా పరిచయం చేశారు, టీ బిస్కట్లతో సహా. ఖండాన్వయంలో ఇంకో సుఖముంది. పిల్లవాడు ఎక్కడ తప్పాడో అక్కడే తెలుస్తుంది. 'దేన్ని' దగ్గర ఆగాడంటే ద్వితీయ రాలేదు, 'ఎలాంటి' దగ్గర ఆగాడంటే...

సరే, చిట్కా సంగతి.

మూలానికి ఖండాన్వయం చేద్దాం. సమాపక క్రియ ఏది? వెతకండి. ప్రారంభించి, రేకెత్తించి, బోధించి, మాట్లాడి, నిర్ధారించుకొని: ఈ అయిదూ క్త్వార్థకాలు, అసమాపకాలు. అంత పొడుగు వాక్యానికీ ఉన్న సమాపక క్రియ ఒక్కటే: అప్‌లోడ్ చేయవలెను. ఏం చేయాలి? అప్‌లోడ్. ఎవరు? ఉపాధ్యాయులు. వేటిని? ఫోటోలను. ఎక్కడ? గ్రూపులో. ఎప్పటిలోగా? శనివారం నాలుగింటిలోగా. వాక్యం పూర్తయింది. పాఠం చెప్పడం ఎక్కడుందంటే ఆ క్రియకు ముందు జరిగిపోవలసిన అయిదు పనుల్లో మూడోదిగా, తీర్థానికి ముందు కాళ్ళు కడుక్కున్నట్టుగా ఉంది. పిల్లలో? "విద్యార్థులలో", "ప్రతి విద్యార్థితో". ఒకచోట ఆసక్తి రేకెత్తవలసిన స్థలం, ఇంకోచోట టీచరు మాట్లాడవలసిన మనిషి. ఏ క్రియకూ పిల్లవాడు కర్త కాడు. చదివినవాడు, రాసినవాడు, అడిగినవాడు ఒక్కడూ ఆ వాక్యంలో లేడు.

సంక్లిష్ట వాక్యానికి ఎనిమిదో తరగతిలో ఇంతకంటే మంచి ఉదాహరణ చెప్పలేం.

ఇది వ్యాకరణం వాళ్ళ పట్టింపు అనుకునేవారి కోసం మీమాంస. దర్శపూర్ణమాసేష్టిలో ప్రయాజాలని అయిదు అంగాలుంటాయి. ఫలం ప్రధానానిది, అంగాలు ప్రధానం కోసం. ఇక్కడ క్త్వార్థకాలూ సరిగ్గా అయిదే కావడం గమనార్హం. ఇంకొక నిర్ణయం కూడా ఉంది: నిత్యకర్మలో ప్రధానం చేయక తప్పదు, అంగాలు శక్తి కొద్దీ చేస్తే చాలు. వారం వారం పంపవలసిన ఫోటో నిత్యకర్మ కాక మరేమిటి? కాబట్టి శక్తి చాలనివాడు ఆనంద కృత్యం మానవచ్చు, ఆసక్తి మానవచ్చు, పాఠం మానవచ్చు. ఫోటో మానరాదు. మానితే ప్రత్యవాయం, అంటే సోమవారం పొద్దున అసెంబ్లీ అయ్యాక ఆఫీసు గదికి పిలుపు. ఈ సిద్ధాంతాన్ని జైమిని చదవకుండానే ఆచరణలో పెట్టినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ఫోటోలు చాలా బాగుంటాయి.

దోష విచారణ:

మొదటిది యోగ్యతా దోషం. వాక్యంలో పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగకపోతే ఏమవుతుందో చెప్పడానికి తార్కికులు ఇచ్చే ఉదాహరణ, నిప్పుతో తడపడం. "డిజిటల్ వనరుల సహాయంతో పాఠం బోధించి" అన్న చోట ఆ దోషం పట్టుకుంటుంది. గోడకు పెద్ద తెర ఉన్న మాట నిజం. దానికి నెట్ రాదు. వచ్చిన రోజు కరెంటు ఉండదు. రెండూ ఉన్న రోజున ఆ గదిలో ఎవరికో పరీక్ష జరుగుతుంటుంది. నిప్పుతో తడపవచ్చునని ఎవరైనా నిరూపిస్తే నేనూ వీడియో చూపిస్తాను.

రెండోది కర్తృభేద దోషం. ముందు జరిగిన పనికీ తరవాతి పనికీ కర్త ఒక్కడే అయినప్పుడు క్త్వా వస్తుందని పాణిని మూడో అధ్యాయం నాలుగో పాదంలో చెప్పాడు. తెలుగు క్త్వార్థకానికీ సాధారణంగా అదే మర్యాద. ప్రతి విద్యార్థితో మాట్లాడేవాడు టీచరు. అలా మాట్లాడుతుండగా తీసిన ఫోటో పంపాలి. ఫోటోలో ఉన్నవాడు ఫోటో ఎలా తీస్తాడు? లోకంలో దీనికి పరిహారం ఇలా జరుగుతున్నది: ఎనిమిదో తరగతి నుంచి చేతులు వణకని ఒక కుర్రవాణ్ణి పిలిపించి ఫోన్ ఇస్తాం. వాడు "సార్, కొంచెం వంగండి, పిల్ల మొహం పడటంలే" అని ఆజ్ఞాపిస్తాడు. నేను వంగుతాను. అక్కడ వాడి లెక్కల పీరియడ్ పోతుంది, ఇక్కడ వ్యాకరణం నిలబడుతుంది.

"సదరు ఫోటోలు". సదరు అంటే అంతకుముందు ప్రస్తావించి ఉండాలి. మూలమంతా గాలించినా లేదు. అంచేత ఫోటో అనాది అని గ్రహించాలి.

సంఖ్యా విచారం: ఏడో తరగతిలో 50 మంది. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతుంది. దాని జోలికి పోవద్దు. అయిదు నిమిషాలంటే 300 సెకన్లు. తలకు ఆరు సెకన్లు. "అర్థమైందా?" "అయింది సార్." ఆరు సెకన్లలో ఇవి రెండూ చక్కగా పడతాయి. మూడో మాట పట్టదు. అభ్యసన ఫలితాలు సాధించబడినవని నిర్ధారించుకోవడం కూడా ఇందులోనే జరిగిపోతుంది, పిల్లవాడే ఒప్పుకున్నాడు కదా.

మూడో మాట కావలసిన పిల్ల ఒకతె ఉంది. మూడో వరసలో గోడ పక్కన కూర్చుంటుంది. గుణింతాలు వచ్చు. ఒత్తు మీద ఒత్తు పడితే ఆగిపోతుంది. 'రాష్ట్రం' వస్తే 'రా' గట్టిగా అని, 'ష' దగ్గర వేలు పెట్టి, తలెత్తి నా వంక చూస్తుంది. మిర్చి కోతల రోజుల్లో వాళ్ళమ్మతో పాటు చేలోకి పోతుంది కాబట్టి ఆ వారాలు బడికి రాదు. వచ్చాక మళ్ళీ 'స్త్రీ' దగ్గర మొదలెట్టాలి. ఆ పిల్లకు ఏ కృత్యమూ అక్కర్లేదు. రోజూ పావుగంట ఎవరో ఒకరు పక్కన కూర్చుని, వేలు ఆగిన చోట ఆగితే చాలు. ఆ పావుగంట ఎక్కడినుంచి తేవాలో ఏ చిట్కాలోనూ రాలేదు. మొన్న కూర్చున్నాను. 'శాస్త్రం' దాకా వచ్చాం. జేబులో ఫోన్ మోగింది: మధ్యాహ్న భోజనం ఫోటో పెట్టనివారు వెంటనే పెట్టాలట. చట్టం 27వ సెక్షన్ ప్రకారం టీచర్లను జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప చదువుకు సంబంధించని పనులకు వాడకూడదు. కోడిగుడ్డు ఫోటో ఈ మూడింటిలో దేని కింద వస్తుందో వ్యాఖ్యాతలు తేల్చాలి. విపత్తు అని నా పక్షం.

చివరి రెండు వాక్యాలు అర్థవాదాలు, అంటే విధిని పొగిడే మాటలు. వాటికి వేరే ఫలం లేదు. తపస్సు అన్నారు కాబట్టి డి.ఏ. బకాయిలు అడగరాదని ధ్వని.

ఫలశ్రుతి: సందేశం పడిన నిమిషంలోపే మొదటి "నోటెడ్ సర్" వస్తుంది. ఆ వెనక నమస్కారాలు బారులు తీరుతాయి. మొదట నోట్ చేసుకునేది ఎప్పుడూ మా పి.ఇ.టి. సారే. గ్రౌండులో బ్లాక్‌బోర్డు లేదు, డిజిటల్ తెర అంతకన్నా లేదు, చిట్కా ఆయనకు ఏ విధంగానూ వర్తించదు. నిష్కామ కర్మ అంటే అదే.

పూర్వపక్షం: హెడ్మాస్టరు గారు మాత్రం ఏం చేస్తారు? పైనుంచి వచ్చింది కిందికి పంపారు, పంపకపోతే ఆయనకు మెమో. నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆయన మంచి లెక్కల మాస్టారు కూడా. ఆరో తరగతికి భిన్నాలు చెప్పేటప్పుడు పాత న్యూస్‌పేపరు పట్టుకుని నేల మీద కూర్చుంటారు. కాగితాన్ని సగం మడుస్తారు, మళ్ళీ సగం మడుస్తారు. "ఇప్పుడు విప్పితే ఎన్ని ముక్కలురా?" అని అడిగి విప్పకుండా పట్టుకుంటారు. నాలుగన్నవాడూ, రెండన్నవాడూ, మూడన్నవాడూ వాదించుకుంటారు. ఆయన మధ్యలో ఒక్క మాట మాట్లాడరు. వాళ్ళు కొట్టుకునేదాకా వచ్చాక విప్పుతారు. ఆ తరగతిలో నాలుగో వంతు అంటే ఏమిటో తెలియని పిల్ల లేదు. వరండాలో నిలబడి నేను చూశాను. అది మాత్రం ఏ ఆదివారమూ గ్రూపులోకి రాలేదు. వస్తే దానికి కూడా వ్యాఖ్య రాస్తాను, ఒక్క ఆక్షేపణ లేకుండా, ప్రతిపదార్థంతో సహా.

పాఠ పరిష్కరణ: వ్యాఖ్యాతకు మూలాన్ని సవరించే అధికారం లేదంటారు. లేఖక ప్రమాదం అని తోచినచోట పాఠాంతరం సూచించే ఆచారం మాత్రం ఉంది. ఇక్కడ క్రియలు తారుమారైనట్టు కనిపిస్తున్నది. "వీలైతే ఫోటో తీసి, లేకుంటే మాని, పాఠం బోధించవలెను" అని ఉండి ఉంటుంది. ఫార్వర్డుల ప్రయాణంలో ఎక్కడో అసమాపకం సమాపకమైంది, సమాపకం అసమాపకమైంది. ఇది వచనం కాబట్టి సవరిస్తే ఛందోభంగం భయం కూడా లేదు. పరిష్కర్తలు ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఉన్న పాఠమే ప్రమాణం. శనివారం నాలుగింటికి ఎనిమిదో తరగతి కుర్రవాణ్ణి పిలిపిస్తాను, వంగమన్న చోట వంగుతాను.