బంతి ప్రయోగ పద్యం: టీకా తాత్పర్య సహితం

గాలి గొట్టాన నదిమి యా గడియ విప్పి
బంతి నెగవేయఁ జెట్టుపైఁ బాఱి దిగును;
దారమునుఁ బట్టి తాడెక్కు, దాని వెంట
తీగ మారేడుపల్లిలోఁ దెగక నిలుచు.

అవతారిక: సికింద్రాబాద్ మారేడుపల్లి వాస్తవ్యుడైన ఒక హ్యామ్‌కు (అమెచ్యూర్ రేడియో ఔత్సాహికుడికి) లైసెన్సు వచ్చింది, రేడియో వచ్చింది. ఏరియల్‌ను చెట్టెక్కించే ఉపాయం మాత్రం తోచలేదు. అప్పుడు గురువు ఉపదేశించిన తేటగీతి ఇది.

ప్రతిపదార్థం: గాలి = సైకిల్ పంపుతో కొట్టిన గాలిని; గొట్టానన్ = పీవీసీ పైపులో; అదిమి = గేజీ ముల్లు ముప్పై పౌండ్లకు చేరేదాకా నింపి; ఆ గడియన్ = బాల్ వాల్వును; విప్పి = ఒక్క ఊపున తిప్పి; బంతిన్ = పాత టెన్నిస్ బంతిని; ఎగవేయన్ = పైకి వదలగా; చెట్టుపైన్ = పక్కింటి మామిడిచెట్టు మీదుగా; పాఱి = పరుగెత్తి; దిగును = అవతలి పెరట్లో పడును; దారమునున్ = బంతికి కట్టిన గాలపు దారాన్ని; పట్టి = ఊతగా చేసుకుని; తాడు = నైలాన్ తాడు; ఎక్కున్ = కొమ్మ మీదికి పోవును; దాని వెంట = ఆ తాడు వెనుకనే; తీగ = రాగి ఏరియల్; మారేడుపల్లిలోన్ = ఆ పేటయందు; తెగక = గాలివానకూ కోతులకూ చెక్కుచెదరక; నిలుచున్ = నిలబడును.

తాత్పర్యం: చెట్టెక్కడం చేతకానివాడు గాలిని ఎక్కించాలి.

విశేషాలు: దారం, తాడు, తీగ అని వరుసగా చెప్పడంలోనే కిటుకుంది. బంతికి నేరుగా తాడు కడితే ఆ బరువుకు నడిమధ్యలోనే చతికిలబడుతుంది. సన్నని దారమైతే చేపల గాలపు రీలు నుంచి జలజలా జారిపోతుంది. అయితే ఉత్త బంతి కొమ్మల్లో దారం రాపిడికి వేలాడిపోతుంది. అందుకే దానికి చీలిక పెట్టి నాలుగు రూపాయి బిళ్లలు దూర్చాలని సంప్రదాయం.

‘అదిమి’ అన్నారు కదా అని అదేపనిగా కొట్టరాదు. పైపు మీద అచ్చువేసిన ఒత్తిడి అంకె నీళ్లకు చెప్పినది. నీరు పెద్దగా నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోయి కసి దాచుకుంటుంది. పీవీసీ పగిలితే పెంకులై ఎగురుతుంది. కరెంటు తీగలున్న దిక్కుకు బంతి వేయడం ఏ శాస్త్రమూ ఒప్పదు. కంటోన్మెంటు చెంత కాపురం కనుక, ఫిరంగిని పోలిన వస్తువుతో మేడ ఎక్కేముందు వీధిలో నలుగురికీ చెప్పడం మేలు.

పాఠాంతరం: కొందరు ‘గాలి గొట్టాన’ అన్నచోట ‘గులేరు కట్టెన’ అని చదువుతారు. ఆ పాఠం గ్రాహ్యం కాదు. ఛందస్సు చెడుతుంది, పక్కింటి కిటికీ అద్దమూ పగులుతుంది.

శంక: సొంత పెరడుండగా పక్కింటి చెట్టెందుకు?
సమాధానం: 143ను ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జులతో భాగిస్తే డైపోల్ ఏరియల్ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జులకు సుమారు 20 మీటర్లు, అంటే 66 అడుగులు. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు గల రెండువందల గజాల స్థలంలో ఐమూలగా లాగినా 62 అడుగులకు మించదు. ఆ మిగిలిన నాలుగడుగులూ పక్కింటి పిన్నిగారి మామిడిచెట్టు దయ. జపానువాళ్లను పలకరించాలంటే ముందు ప్రహరీ అవతల పలకరించాలి.

శంక: సెల్‌ఫోను ఉండగా ఇంత తంటా దేనికి?
సమాధానం: హైదరాబాద్‌లో 1983లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో ఏరియళ్లు నిలిపి, వీయూ4ఆర్‌బీఐ అన్న కాల్‌సైన్‌తో ప్రపంచాన్ని పలకరిస్తూ ఉండింది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అయినవాళ్ల క్షేమసమాచారాలు ఆ హ్యామ్ రేడియో మీదుగా సముద్రం దాటాయి. తీగ ముందే పైన ఉంది కనుకనే అది సాధ్యమైంది.

ఫలశ్రుతి: ఈ పద్యం పఠించి, పక్కింటివారికి చెప్పి బంతి వేసినవారికి, ఏరియల్ ఎంత బాగా కుదిరిందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటిన్నర దాటదు. చెప్పకుండా వేసినవారికి బంతి తిరిగి రాదు.