చర్మం కింద కాపురం

ఆస్పత్రి చార్టులో దీని పేరు ‘పరికరం’. ఇంట్లోవాళ్లకు ‘నాన్నగారి బ్యాటరీ’. ‘నేను’ అనుకునే వీలు దీనికి ఎవరూ ఇవ్వలేదు. అందుకని సొంత కథను కూడా ఎవరిదో అన్నట్టే చెప్పుకుంటుంది.

కాపురం కాలర్ ఎముక కింద, చర్మం లోపల. అక్కణ్ణుంచి ఒక తీగ మెడ మీదుగా, చెవి వెనకగా పైకెక్కి, పుర్రెకు పెట్టిన చిన్న రంధ్రంలోంచి మెదడు లోతుకు దిగుతుంది. మెదడులోకి దిగిన భాగం మందం మిల్లీమీటరున్నర కూడా ఉండదు. కొసన నాలుగు ప్లాటినం-ఇరిడియం వలయాలు, అంటే ఎలక్ట్రోడ్లు. వాటి గుండా సెకనుకు సుమారు 130 సార్లు సన్నటి విద్యుత్ స్పందన వెళుతుంటుంది. పార్కిన్సన్స్ మనిషి చెయ్యి వణకకుండా కాఫీ గ్లాసు పట్టుకోగలిగేది దానివల్లే.

దీని వంశం 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో మొదలైంది. అప్పట్లో వణుకు తగ్గించడానికి మెదడులోని థాలమస్‌లో చిన్న ముక్కను కాల్చేసేవాళ్లు. కాల్చే ముందు, సరైన చోటికే చేరామా అని కాస్త కరెంటు పంపి చూసేవాళ్లు. ఆ పరీక్షలో కరెంటు స్పందనల వేగాన్ని 100 హెర్ట్జ్ దాకా పెంచితే వణుకు ఆగిపోవడం న్యూరోసర్జన్ అలీం-లూయీ బెనబిద్ గమనించాడు. అలాంటప్పుడు కాల్చడం దేనికి, కరెంటునే ఉంచేస్తే పోలేదా? ఈ పద్ధతికి అమెరికాలో 1997లో వణుకు జబ్బు విషయంలో, 2002లో పార్కిన్సన్స్ విషయంలో అనుమతి వచ్చింది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్ చేస్తున్నారు.

తయారుచేసినవాళ్ల భయమంతా మనిషి ఒంటి గురించే. ఏడాది పొడుగునా 37 డిగ్రీల వేడి, చుట్టూ ఉప్పునీరు, మధ్యలో కరెంటు. లోహాన్ని తినెయ్యడానికి ఇంతకన్నా ఏం కావాలి? అందుకే టైటానియం డబ్బాను లేజరుతో అతికి, హీలియంతో పరీక్షిస్తారు. అంత చిన్న అణువుకే దారి దొరక్కపోతే చెమ్మకూ దొరకదని లెక్క. తీగలు బయటికొచ్చే చోట సిరామిక్ బిరడా. కరెంటుకూ ఒక పద్దు ఉంది: ఒక దిశలో ఎంత ఛార్జి పంపితే అంతా తిరిగి వెనక్కి లాగాలి. తేడా వస్తే ఎలక్ట్రోడూ దెబ్బతింటుంది, చుట్టూ ఉన్న కణజాలమూ పాడవుతుంది.

ఇంతా చేస్తే, చిక్కు వచ్చింది బజారులో.

పాత నమూనాల్లో అయస్కాంతంతో పనిచేసే స్విచ్చి ఉండేది. ఛాతీ మీద అయస్కాంతం పెడితే ఆన్, మళ్లీ పెడితే ఆఫ్. రోగికి సుఖమే. కానీ కొట్టు గుమ్మంలో దొంగతనాలు పట్టే గేటుకూ, ఫ్రిజ్ తలుపుకూ, పెద్ద స్పీకరుకూ ఆ విద్య వచ్చు. బట్టలు కొనుక్కుని బయటికొస్తున్న మనిషికి ఉన్నట్టుండి చెయ్యి వణకడం మొదలయ్యేది. తర్వాతి నమూనాల్లో ఆ స్విచ్చిని తీసేశారు. అయినా ఒంట్లో పరికరం ఉందని చెప్పే కార్డు జేబులో ఉండాల్సిందే. మాల్, సినిమా హాలు, పెద్ద గుడి, ఎక్కడికెళ్లినా గుమ్మంలో డిటెక్టర్ ఉండే దేశం మనది. కార్డు చూపించి పక్కనుంచి వెళ్లాలి. ఆ కార్డును కాపలా మనిషి చదువుతాడా అన్నది వేరే సంగతి.

అసలు ప్రమాదం ఇంకా మెత్తటి చోట ఉంది. మోకాళ్ల నొప్పులకు ‘కరెంటు పెట్టించుకోవడం’ మన ఊళ్లలో మామూలు మాట. ఆ కరెంటుల్లో షార్ట్‌వేవ్ డయాథెర్మీ ఒకటి. సుమారు 27 మెగాహెర్ట్జ్ తరంగాలు కండను లోలోపల వేడిచేస్తాయి. మామూలు మనిషికి హాయి. ఒంట్లో లోహపు తీగ ఉన్నవాళ్లకు మాత్రం ఆ శక్తిని తీగ పట్టుకుని కొస దాకా మోసుకెళుతుంది. కొస ఉన్నది మెదడులో. 2001లో వైద్య పత్రికకెక్కిన ఉదంతం అదే: పన్ను తీయించుకున్న పార్కిన్సన్స్ రోగి దవడకు డయాథెర్మీ ఇచ్చారు. ఎలక్ట్రోడ్ చుట్టూ మెదడు దెబ్బతిని, ఆ మనిషి మళ్లీ కోలుకోలేదు. మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అందరికీ హెచ్చరిక పంపింది. ఆఫ్ చేసినా లాభం లేదు. వేడెక్కేది తీగ, బ్యాటరీ కాదు. ఎంఆర్ఐకి ముందు డాక్టర్లు పరికరం మోడల్ నంబరు అడిగేది కూడా ఈ వేడి భయంతోనే. ఫిజియోథెరపీ గదిలో బీపీ, షుగరు అడుగుతారు గానీ చొక్కా కింద ఏముందని అడిగేవాళ్లు తక్కువ. ఆ సంగతి మనిషే నోరు తెరిచి చెప్పాలి.

ఇక నీళ్లు. కొన్ని నమూనాల పుస్తకంలో 10 మీటర్ల కన్నా లోతుకు దూకొద్దని ఉంటుంది. ఆ లోతున ఒత్తిడి రెండు వాతావరణాలకు చేరుతుంది, డబ్బా తట్టుకోలేకపోవచ్చు. పైపైన ఈదుకోవడానికి అడ్డేమీ రాయలేదు. అయితే జ్యూరిక్ విశ్వవిద్యాలయ ఆస్పత్రి డాక్టర్లు తొమ్మిదిమంది రోగుల కథలు ప్రచురించారు. అందరూ ఒకప్పుడు బాగా ఈదినవాళ్లే. ఆపరేషన్ తర్వాత నడక కుదుటపడింది, వణుకు తగ్గింది, ఈత మాత్రం పోయింది. ఒకాయన తనమీద తనకున్న ధీమాతో సరస్సులోకి దూకాడు. ఇంట్లోవాళ్లు బయటికి లాగాల్సి వచ్చింది. డబ్బాలో చుక్క నీరు దూరలేదు, తీగ తెగలేదు, స్పందనలు లెక్క తప్పలేదు. పరికరం తన పని తాను సరిగ్గానే చేస్తోంది. తొమ్మిదిమందిలో ముగ్గురు దాన్ని ఆఫ్ చేసి చూశారు. ఈత వెంటనే తిరిగొచ్చింది. వెనకే మిగతా బాధలూ ముదిరాయి. ముగ్గురూ మళ్లీ ఆన్ చేసుకున్నారు.