మా పెరటి తుంగభద్ర

32 సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై, "తుంగలో త్రొక్కుట యనగా నేమి మాస్టారూ?" అని యడిగిన ప్రతి విద్యార్థికిని "ఇచ్చిన మాటను లెక్కసేయకుండుట" యని యర్థము చెప్పి, ఆ తుంగ యెట్టిదో, దానిలో త్రొక్కిన వస్తువునకు తరువాత నేమి గతి పట్టునో ఒక్కనాడైనను విచారింపక, గంట మ్రోగగానే గొడుగు చంకబెట్టుకొని యింటికి వచ్చిన నా యపరాధమునకు, ఉద్యోగవిరమణము చేసిన తరువాత విధి తగిన శిక్షనే విధించినది. ఆ శిక్ష మా యింటి వెనుక ఐదు సెంట్ల పెరటి రూపమున నున్నది.

ఐదు సెంట్లనగా 242 గజములు. తెనాలికి నాలుగు మైళ్ళ దూరమున, కాలువ నీటి తడి యెన్నడును ఆరని నల్లరేగడి నేల. వంగ, బెండ, ఆనప పండించి బజారు కూరలకు స్వస్తి చెప్పవలెనని మా ఇంటియావిడ చిరకాలముగా కోరుచుండగా, జ్యేష్ఠమాసమున తొలకరి పడిన పదునైదవ నాడు ఆ నేలను చూడబోయితిమి. అమ్మజూపినవాడు చేయి చాచి, "చూడండి పంతులుగారూ, ఎంత పచ్చగా ఉందో! ఏం చల్లకుండానే ఇంత పచ్చగా ఉందంటే, చల్లితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి" అనెను. ఆ మనుష్యుడు అక్షరమైన నసత్యమాడలేదని నే నిప్పటికిని సాక్ష్యమీయగలను. ఆ పచ్చదనమంతయు తుంగ.

సంస్కృతమున తుంగమనగా నున్నతమైనది. ఉత్తుంగ తరంగములు, తుంగ శృంగములు అని వ్రాసి వ్రాసి అరిగిపోయిన చేతికి, మోకాలెత్తైనను లేని యీ గడ్డిని తుంగ యనుట పరిహాసముగా తోచెను. రిజిస్ట్రేషను ముగిసిన మరునాడే తలకు తువ్వాలు చుట్టి, పాలు పోయవచ్చిన యతడు సాక్షిగా, "వినాయకచవితి నాటికి ఈ పెరట తుంగపోచ యొక్కటి మిగిలినచో నా పాండిత్యమును గంగలో కలుపుదును" అని ప్రతిజ్ఞ చేసితిని. పాలవాడు నావంక జాలిగా చూచి, చెంబులో మరి కొంచెము పాలు పోసి వెడలిపోయెను. వాని జాలికి గల కారణము నాకు మూడు వారములకు గాని బోధపడలేదు.

మొదటి పోచను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ బట్టి లాగితిని. సన్నని చప్పుడుతో చేతికి వచ్చెను. దాని కాడ గుండ్రముగా నుండదు, మూడు పలకలుగా నుండును. వ్రేళ్ళ నడుమ దొరలింపబోయిన మొరాయించును. గడ్డి యని లోకము పిలుచునే గాని, ఇది గడ్డిజాతిది కాదని యీ మూడు పలకలే చెప్పును. అడుగున తెల్లని మొదలు తప్ప మరేమియు రాలేదు. ఇంత సుకుమారియైన శత్రువును జయించుట కింత ప్రతిజ్ఞ యేలనని సిగ్గుపడుచు, నాలుగు దినములలో పెరడంతయు నున్నగా పీకి, గంపల కెత్తి పెంటపోగుపై పోసి, నడుమునకు తైలము రాయించుకొని పరుంటిని.

ఇరువదియవ నాటికి తుంగ తిరిగి వచ్చెను. వచ్చుటయే గాదు, ఒక్కటి పీకిన చోట మూడు, మూడు పీకిన చోట పది, బంధువులతో తరలివచ్చెను.

వ్యవసాయశాఖలో నుద్యోగము చేసి విరమించిన మా బావమరిది అంతవరకు మౌనముగా నుండి, నేను పూర్తిగా నోడిన తరువాత మాత్రమే ఉపదేశించు స్వభావము గలవాడు. ఆతడు గునపము తెప్పించి జానెడు లోతు త్రవ్వి చూపెను. చిన్న రేగుపండంత నల్లని గడ్డ. దానినుండి యినుపతీగవంటి సన్నని వేరు. ఆ తీగ చివర మరియొక గడ్డ. దానినుండి మరియొక తీగ. భూదేవి జపమాల త్రిప్పుచున్నట్లుండెను. గోటితో గీరగా లోపల తెల్లని కండ, కర్పూరమును వట్టివేరును కలిపినట్టి సువాసన.

"బావగారూ, మీరు పీకింది మొక్కని కాదు, ఇంటిపెద్దని" అనెను మా బావమరిది. "పైన మొలక బతికి ఉన్నంతకాలం ఆ వరసలో ఉన్న గడ్డల్ని లేవనివ్వదు. మీరు దాన్ని కాస్తా పీకేశారు. ఇంకేముంది, నిద్రపోతున్నవన్నీ లేచి కూర్చున్నాయి."

అప్పుడు నాకు సర్వము విశదమయ్యెను. మా తాతగారు జీవించి యున్నంతకాలము నోరెత్తని మా ఆరుగురు పినతండ్రులును, ఆయన గతించిన పండ్రెండవ దినము దాటగానే ఆరు పొయ్యిలు వెలిగించి, ఆరు గోడలు లేపి, ఆరు వీధిగుమ్మములు పెట్టిన వృత్తాంతము జ్ఞప్తికి వచ్చెను. ఉమ్మడి కుటుంబమునకును తుంగకును న్యాయ మొక్కటియే: పెద్దతల పోయిన, ప్రతి గడ్డయు యజమానియే.

పిమ్మట నేను చేసిన దండయాత్రలను సంగ్రహముగా చెప్పెదను, ఏలయన పరాజయములను విస్తరించుట పండితలక్షణము గాదు. పారతో త్రవ్వించితిని, పార తగిలి తీగలు తెగి, వేరుపడిన ప్రతి గడ్డయు స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. నల్లని ప్లాస్టిక్ పట్టా కొని పెరడంతయు కప్పితిని. వారము తిరుగకముందే సూదిమొనలవంటి మొలకలు పట్టాను చీల్చుకొని పైకి వచ్చి, నల్లని చీరపై పచ్చని బుటాలవలె నందముగా నిలిచెను. మందు కొట్టించితిని, ఆ మందు ఆకులనుండి దిగి పచ్చి మొలకతో సంబంధమున్న గడ్డలవరకే పోవునట గాని నిద్రించు గడ్డల జోలికి పోదట. గాలివాటున నది మా ఇంటియావిడ పోసిన వంగనారుపై బడి, నారు రెండు దినములలో వాడిపోయెను. తుంగ పది దినములు పసుపుపచ్చనై, అస్వస్థత నటించి, సెలవు ముగిసిన గుమాస్తావలె యథాస్థానమునకు వచ్చెను. చివరకు నేలకు బలము చాలలేదేమో యని, పెంటపోగు మాగగానే దానిని గంపలతో నెత్తి పెరడంతయు చల్లితిని. పారతో త్రవ్వించి నేను పోయించిన తుంగ, తనతో వచ్చిన గడ్డలతో సహా, ఆ పోగులోనే యుండెనని చల్లిన తరువాత గదా స్ఫురించెను!

వినాయకచవితి వచ్చెను. పత్రికై పెరటిలోనికి పోయిన మనుమడు, ఇరువది యొక్క రకములలో నొకటియు దొరకక, "తాతయ్యా, దేవుడికి తుంగ పెట్టొచ్చా?" అని యడిగెను. పాలవాడు ఆ సమయమున గుమ్మములోనే యుండెను.

ఓడినవానికి గ్రంథములే శరణ్యములు. నా శత్రువు సామాన్యుడు గాడని తెలిసికొని నేను పొందిన యూరట యింతంత గాదు. 1753లో లినేయస్ పండితుడు దీనికి సైపరస్ రొటండస్ అని నామకరణము చేసెను. 1977లో ప్రపంచమునందలి దుష్టతమములైన కలుపుమొక్కలనుగూర్చి హోమ్ ప్రభృతులు ప్రకటించిన గ్రంథమున, 92 దేశములలో 52 పంటలను బాధించు తుంగకే యగ్రస్థాన మొసగిరి. భూగోళమునందు ప్రథమ బహుమానము నందినది నా యైదు సెంట్లలో నున్నదన్న గర్వముతో ఆ దినము రెండు ముద్ద లధికముగా భుజించితిని.

అయితే లజ్జాకరమైన విషయ మొకటి కలదు. శాకుంతలము ద్వితీయాంకమున దుష్యంతుడు వేట మాని, అడవిపందులు మడుగులలో నిశ్చింతగా ముస్తలు పెల్లగించుకొనుగాక యని సెలవిచ్చును. ఆ శ్లోకమును ఎన్ని మారులు పాఠము చెప్పితినో! ముస్తలనగా నొకానొక గడ్డి యని చెప్పి ముందునకు సాగితిని. ఆ యొకానొక గడ్డియే యిది. రాజు వేటమానుటలోని ఔదార్యమును వర్ణించితినే గాని, పందులు చేయుచున్న లోకోపకారమును గుర్తింపనైతిని. కణ్వాశ్రమపు పందులలో నొక్క జంట మా పెరటికి వచ్చినచో, పాద్యమిచ్చి పూజించి యుందును.

దీపావళికి నాలుగు దినములు ముందుగా మా ఇంటియావిడ చీటీ చేతికిచ్చెను: పెసలు, బావంచాలు, కచ్చూరాలు, తుంగముస్తలు. సున్నిపిండికట. పచారీ దుకాణమున చీటీ యిచ్చి, కట్టించిన పొట్లములు తెచ్చి అరుగుమీద విప్పగా, ఒక పొట్లమునుండి కర్పూరమును వట్టివేరును కలిసిన ఆ పరిచిత పరిమళము గుప్పుమనెను. నల్లని గడ్డలు, నా గడ్డలే. కూలి యిచ్చి త్రవ్వించి, కూలి యిచ్చి పారవేయించిన దానిని, ధరకట్టి కొని తెచ్చితిని.

"జ్వరానికీ అతిసారానికీ కషాయాల్లో పడేది ఇదేనండీ" అని మా ఇంటియావిడ తాపీగా చెప్పెను. "పెరట్లో ఉందని తెలుసు గానీ, మీరు దానిమీద అంత కోపంగా ఉంటే ఎందుకులే అని కొనుక్కురమ్మన్నాను."

తుంగముస్తలనే కొందరు భద్రముస్తలనియు నందురు. తుంగయు భద్రయు కర్ణాటకదేశమున కూడలి యొద్ద కలిసి తుంగభద్ర యగునని భూగోళపు మాస్టారు చెప్పగా వింటిని గాని, పైన తుంగ, క్రింద భద్ర, రెండును కలిసి మా పెరటిలోనే ప్రవహించుచున్నవని ఆ దినమున గ్రహించితిని. ఆనకట్ట కట్టుట యొక్కటే మిగిలెను.

ఆ యానకట్ట కట్టినది కలుపుతీతకు వచ్చు ఒక ముసలమ్మ. ఫాల్గుణమున వచ్చి, పెరటిని నన్ను మార్చి మార్చి చూచి, "దీనికి కోపం పనికిరాదు బాబూ, ఓపిక కావాలి. దీనికి ఎండంటే ప్రాణం, నీడంటే గిట్టదు. గడ్డకేమో ఎండ గిట్టదు" అనెను. ఇన్ని గ్రంథములును చెప్పని రహస్యము! పైనున్న ఆకు నెండలో పెంచి, లోనున్న గడ్డను చల్లగా దాచుచుంటిని; చేయవలసినది సరిగా దానికి విపరీతము. ఆమె మాటపై వైశాఖమున లోతుగా దున్నించి, పైకి వచ్చిన గడ్డలను రోళ్ళు పగులు నెండలో గలగలలాడునట్లు ఎండనిచ్చి, ఏరించి, తొలకరికి చిలగడదుంప తీగ దట్టముగా నాటించితిని. మొలచిన తుంగను ఆమె పదునైదు దినముల కొకమారు వచ్చి, కొత్తగడ్డ కట్టకముందే, తొలికతో గడ్డతోసహా తీసెడిది. కోపము లేదు, ప్రతిజ్ఞ లేదు. తీగ యల్లుకొని నేల కనబడకుండ కప్పిన పిదప, దాని నీడలో తుంగ పాలిపోయి, సన్నగిల్లి, చాలవరకు సెలవు తీసికొనెను. ఆ యేడు చిలగడదుంపలు ఇంటింటికి పంచితిమి. పాలవానికి రెండు వీసెలు.

గోడవార మాత్రము ఒక బారెడు మేర తుంగ యట్లే యున్నది. సున్నిపిండికని మా ఇంటియావిడ యుంచినది. నిర్మూలింతునన్న నా ప్రతిజ్ఞ యేమైనదని మీరడుగవచ్చును. దానిని నేనెక్కడ త్రొక్కితినో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే నా పూర్వ విద్యార్థులందరికిని ఒక సవరణ. తుంగలో త్రొక్కినది నశించునని నేను తలచినది తప్పు. అక్కడ త్రొక్కిన దేదియు చావదు. పైన కనబడక, జానెడు లోతున చల్లగా నిద్రించును. నా ప్రతిజ్ఞయు నంతే. ప్రతి యేటను తొలకరి చినుకులు పడి మట్టివాసన రాగానే, ఎచ్చటినుండియో అది సూదిమొనవలె పైకి లేచును. నేను తలకు తువ్వాలు చుట్టుకొందును. పాలవాడు చెంబులో మరి కొంచెము పాలు పోయును.